పొద్దువాలాక ఇంజను పని

శబరి నది మీద పడవ ఇంజను ఆగిపోతే ఇప్పటి కుర్రాళ్ళు మొట్టమొదట చేసే పని జేబులోంచి ఫోను తీయడం. అక్కడ సిగ్నలు ఉండదు. ఫోను పైకెత్తి పట్టుకుని పడవలో ఈ కొసనుంచి ఆ కొసకు తిరుగుతారు. ఈలోగా పడవ వాలుకు కొట్టుకుపోతుంటుంది. తెడ్డు ఏదిరా అంటే ఇంటి దగ్గర ఉందంటారు. ఇంజను ఉన్నాక తెడ్డెందుకని వాళ్ళ లెక్క. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మాది కూనవరం వైపు, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా, ఆ తర్వాత ఖమ్మం జిల్లా, 2014లో మళ్ళీ ఆంధ్ర. కాగితాల మీద మమ్మల్ని అటూ ఇటూ మార్చారు గానీ మా వేట మాత్రం ఈ రెండు నదుల మీదే సాగింది. ముక్కోటికి భద్రాచలంలో స్వామివారి తెప్పోత్సవం చూసుకుని పడవ ఎక్కితే, మళ్ళీ శ్రీరామనవమి కల్యాణం నాటికే మా పెద్దలు ఇంటి మొహం చూసేవాళ్ళు. మధ్యలో ఎవరో ఒకరు సంతకు వచ్చి ఎండుచేప అమ్మి, బియ్యం, ఉప్పు, కిరసనాయిలు పట్టుకెళ్ళేవాళ్ళు. ఎగువకు వెళితే శబరి మీద చింతూరు దాటి, అవతల సీలేరు వచ్చి కలిసే కుంట, మోటుల వైపు. దిగువకు వెళితే పోచవరం, కొల్లూరు, పేరంటాలపల్లి మీదుగా పాపికొండల్లోకి. ఇసుక తిన్నె మీద తాటాకు గుడిసె, వెదురు తడికల మీద ఆరే చేప, రెండు పక్కలా అడవి. మెకానిక్కు అనేవాడు భద్రాచలంలో ఉంటాడు. మధ్యలో ఇంకెవరూ ఉండరు. కోయగూడెం వాళ్ళు అన్నం పెడతారు, పడవ ఒడ్డుకు లాగడానికి భుజం పడతారు, అడిగితే వెదురు కొట్టిస్తారు. ఇంజను మాత్రం ఎవరిది వాళ్ళే చూసుకోవాలి.

అప్పట్లో మా రేవులో ఎక్కువ పడవలకు గడ, తెడ్డు, గాలి ఉంటే తెరచాప. తర్వాత పొడుగు కడ్డీ కొసన ఫ్యాను ఉండే డీజిలు ఇంజన్లు వచ్చాయి. పడవ వెనక చెక్కకు రెండు మరలతో బిగించే ఔట్‌బోర్డు ఇంజనును మా మేనమామ సముద్రం వైపు నుంచి తెచ్చాడు. అప్పటికే ఒకరి చేతిలో నలిగిన ఇంజను. పెట్రోలుతో లేచి కిరసనాయిలుతో నడిచేది. దాన్ని ఆయన ఎన్నేళ్ళు నడిపాడంటే, ఇప్పుడు కొత్త ఇంజను కొని రెండో ఏడాదికే పాడైందని తిట్టేవాళ్ళకు చెప్పినా నమ్మరు.

ఔట్‌బోర్డు ఇంజనును వ్యాపారంగా నిలబెట్టినవాడు ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి అమెరికా వెళ్ళినవాడు. 1909లో మిల్వాకీలో అమ్మకం మొదలుపెట్టాడు. నూరేళ్ళు దాటిపోయింది. ఇన్నేళ్ళలో పై మూత కింద ఎంతో మారింది. నీళ్ళలో ఉండే కాలు మాత్రం పెద్దగా మారలేదు. నిలువుగా దిగే కడ్డీ, దాని కొసన పళ్ళచక్రాలు, అడ్డంగా ఇంకో కడ్డీ, దానికి ఫ్యాను, మధ్యలో నీళ్ళు తోడే చిన్న పంపు. ఇది తెలిస్తే ఏ కంపెనీ ఇంజనైనా సగం తెలిసినట్టే. ఇప్పటివాళ్ళు ఆ సగం కూడా తెలుసుకోరని నా బాధ.

మా మామకు ఒక నియమం ఉండేది. పొద్దువాలి పడవ తిన్నెకు చేరాక, వలలు దులపకముందే, పొయ్యి రాజెయ్యకముందే ఇంజను పని. ఆకలేస్తోంది మామయ్యా అంటే, "అన్నం తరవాతరా అల్లుడూ, ముందు రేపు ఇంటికి తీసుకెళ్ళేదాని సంగతి చూడు" అనేవాడు. గంటసేపు పట్టేది. ఎంత వాన వచ్చినా, వల ఎంత నిండుగా పడినా ఆ గంట మాత్రం తప్పేది కాదు.

ఆ గంటలో ఏం చేసేవాడో చెబుతాను. కిరసనాయిలు ఇంజనుకు ఒక మర్యాద ఉంది. పెట్రోలుతో లేపి, వేడెక్కాక కిరసనాయిలుకు మార్చాలి. ఒడ్డు కనబడగానే మళ్ళీ పెట్రోలుకు తిప్పి, కార్బొరేటరులో మిగిలిన కిరసనాయిలంతా కాలిపోయేదాకా నడిపి, అప్పుడు ఆపాలి. కిరసనాయిలు మీదే ఆపేస్తే తెల్లారి చల్లటి ఇంజను లేవదు. తాడు లాగిలాగి భుజాలు పడిపోతాయి, ప్లగ్గు తడిసిపోతుంది. అందుకని ఆయన ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే మీట మార్చేవాడు. చెవితో వినేవాడు. మోత పలచబడి, పొగ వాసన మారితే పెట్రోలు అందిందన్నమాట.

తర్వాత ప్లగ్గు విప్పడం. కొస లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంజను సుఖంగా ఉన్నట్టు. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిలు ఎక్కువైనట్టు, లేదా చోకు వేసి మరిచిపోయినట్టు. తెల్లగా మాడి ఉంటే ఇంజను ఒళ్ళు కాలుతోందని అర్థం, నీళ్ళ పంపు సంగతి చూడాలి. చిన్న ముక్క ఎమరీ కాగితంతో రుద్ది, పెట్రోలులో కడిగి, సందు కంటితో చూసి బిగించేవాడు. పక్కన ఎప్పుడూ కొత్త ప్లగ్గు ఒకటి కాగితంలో చుట్టి ఉండేది.

ఆ తర్వాత ఫ్యాను. దీని దగ్గరే ఆయన ఎక్కువసేపు కూర్చునేవాడు. ఫ్యాను కొసనున్న కాటరు పిన్ను సరిచేసి, మర విప్పి, ఫ్యాను వెనక్కి లాగితే కడ్డీ చుట్టూ నైలాను దారం చుట్టుకుని ఉండేది. తెగిన వలల ముక్కలు నీళ్ళలో ఎక్కడ పడితే అక్కడ తేలుతుంటాయి. ఫ్యాను తిరిగేటప్పుడు అది సన్నగా చుట్టుకుని, వేడికి కరిగి, కాలు లోపలి రబ్బరు సీలును కోసేస్తుంది. పైకి ఏమీ తెలియదు. ఆ కోతలోంచి నీళ్ళు గేరు ఆయిలులోకి దిగుతాయి. కాలు అడుగున ఉన్న మర ఒక్క చుట్టు వదులు చేసి నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకునేవాడు. ఆయిలు తేనెరంగులో సాగుతూ వస్తే వెంటనే బిగించేసేవాడు. మజ్జిగలా తెల్లగా విరిగి వచ్చిందంటే ఆ రోజుతో వేట ఆపి తిరుగుదారి పట్టేవాడు. నాలాంటి కుర్రవాళ్ళు, ఇంజను బాగానే నడుస్తోంది కదా, ఇంకో వారం ఉందాం అని గునిసినా వినేవాడు కాదు. ఆ విరిగిన ఆయిలుతో పళ్ళచక్రాలు ఎన్నాళ్ళు నడుస్తాయో చెప్పలేం. నడి ఏట్లో అవి అరిగి జారితే ఫ్యాను తిరగదు, పైన ఇంజను మాత్రం ఒట్టిగా అరుస్తుంది.

మొన్నీమధ్య ఒక కుర్రాడి ఇంజను కాలు నేను విప్పించి చూశాను. కడ్డీకి బొటనవేలంత మందాన దారం. కొన్నప్పటినుంచీ ఫ్యాను ఒక్కసారి కూడా ఊడదీయలేదన్నాడు. గేరు ఆయిలు మార్చాలని ఎవరూ చెప్పలేదన్నాడు. ఇంజనుతో ఇచ్చిన పుస్తకం ఏది అంటే అట్టపెట్టెతో పాటే పారేశాడట.

ఫ్యాను పిన్ను గురించి కూడా చెప్పాలి. పాత చిన్న ఇంజన్లకు ఫ్యానును కడ్డీకి పట్టి ఉంచేది ఒక మెత్తటి లోహపు పిన్ను. ఫ్యాను రాయికి గానీ, మునిగిన దుంగకు గానీ కొట్టుకుంటే ఆ పిన్ను తెగి, లోపలి పళ్ళచక్రాలను కాపాడుతుంది. తెగడానికే దాన్ని పెట్టారు. మా వాళ్ళు అలాంటివి గుప్పెడు గుడ్డముక్కలో మూటకట్టి పడవ చెక్కకు వేలాడదీసేవాళ్ళు. పిన్ను తెగగానే ఇనుప మేకు కోసి దూర్చేవాడు ఒకడుండేవాడు మా రేవులో. మేకు తెగలేదు, రాయి తగిలినప్పుడు పళ్ళచక్రమే విరిగింది. ఇప్పటి ఇంజన్లకు చాలావాటికి ఫ్యాను మధ్యలో రబ్బరు బుష్షు వస్తోంది, దెబ్బ తగిలితే అది జారుతుంది. మంచిదే. కానీ అది జారిపోయాక మెల్లగా నడుపుకుంటూ ఇల్లు చేరవచ్చని ఎంతమందికి తెలుసు? ఇంకా ఎక్కువ తిప్పి, ఉన్నదాన్ని కూడా కాల్చేస్తారు.

అన్నిటికన్నా నన్ను కోపానికి తెచ్చేది ఇసుక. మాఘం వెళ్ళాక గోదావరి నీరు తీసి, తిన్నెలు బయటపడతాయి. తిన్నె అంచుకు వచ్చేసరికి మోకాలి లోతు నీళ్ళు. మా రోజుల్లో ఇంకా పది బారల దూరం ఉండగానే ఇంజను ఆపి, పైకెత్తి, గడ వేసుకుంటూ చేరేవాళ్ళం. ఇప్పుడు హోరుమంటూ ఇసుకలోకే తోలుతారు. ఫ్యాను కింద ఇసుక లేచి, ఆ బురదనీరే పంపు పీలుస్తుంది. పంపులో ఉండేది రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లరు. అది ఇసుకతో రాసుకుని నాలుగు రోజుల్లో కొసలు అరిగిపోతుంది. అరిగాక నీళ్ళు పైకి ఎక్కవు, ఇంజను కాలుతుంది, పిస్టను పట్టేస్తుంది. ఇంజను వెనకనుంచి సన్నటి నీటిధార పడుతుంటుంది కదా, అది లోపల నీళ్ళు తిరుగుతున్నాయనడానికి గుర్తు. మా మామ ఎదర నది చూస్తూనే మధ్యమధ్య తల తిప్పి ధార చూసేవాడు. ధార సన్నబడితే వెంటనే ఆపి, నీళ్ళు పీల్చే జల్లెడకు ఆకో, ప్లాస్టిక్ సంచో అడ్డుపడిందేమో చూసేవాడు. ధార పడే కన్నం పూడితే చేపలకు వాడే ఇనుప తీగతో పొడిచేవాడు. అప్పటికీ రాకపోతే కాలు విప్పి ఇంపెల్లరు మార్చేవాడు, రెక్కలన్నీ తిరిగే వైపుకు ఎదురుగా, వెనక్కి వంగేలా సబ్బునీళ్ళు రాసి మెల్లగా తిప్పుతూ దింపేవాడు. మొత్తం పని ఇసుకలో పరిచిన గోనెపట్టా మీదే అయిపోయేది. మరలు ఇసుకలో పడిపోకుండా కొబ్బరిచిప్పలో వేసేవాడు.

ఆ రేకుపెట్టె నా దగ్గర ఇంకా ఉంది. ప్లగ్గు స్పానరు, 10-11, 12-13, 14-15 స్పానర్లు, కటింగు ప్లయరు, సైకిలు ట్యూబు ముక్కలు, ఎం-సీల్, బార్ సబ్బు ముక్క. సబ్బు ఎందుకంటే పెట్రోలు ట్యాంకుకు సన్నటి చిల్లు పడితే దాని మీద గట్టిగా రుద్దితే ఆ పూటకు కారడం ఆగుతుంది. ఇంటికి చేరేదాకా పనికొస్తుంది. ఇందులో ఖరీదైనది ఏదీ లేదు. అయినా ఇప్పుడు ఏ పడవలో చూసినా సెల్లు చార్జింగు పెట్టుకునే బ్యాటరీ ఉంటుంది, ప్లగ్గు విప్పే స్పానరు ఉండదు.

ఇంజను నీళ్ళలో పడితే ఏం చేయాలో నేను పాపికొండల్లో చూశాను. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం కొండల మధ్య నుంచి ఒక్కసారిగా దిగింది. తిన్నెకు కట్టిన పడవ వెనక్కి తిరగబడి, వదులైన మరలోంచి ఇంజను జారి నీళ్ళలో పడింది. అదృష్టం కొద్దీ ఒడ్డు దగ్గరే, రెండు నిలువుల లోతు. మా మామ నడుముకు తాడు కట్టుకుని మునిగి, కాలికి ముడివేసి వచ్చాడు. పైకి లాగాక ఒక్క నిమిషం కూర్చోలేదు. "గాలి తగిలిన దగ్గర్నుంచే తుప్పు మొదలవుద్ది. రాత్రికి చేయలేమనుకుంటే మళ్ళీ నీళ్ళలోనే ఉంచుదాం, చేయగలిగితే ఇప్పుడే చేద్దాం" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నిజమే, పెద్ద మెకానిక్కులూ అదే చెబుతారు.

మూత తీసి మంచినీళ్ళతో కడిగాడు. ప్లగ్గు విప్పి, ప్లగ్గు కన్నం నేలవైపు ఉండేలా ఇంజనును పక్కకు వాల్చి, తాడు చాలా మెల్లగా లాగాడు. ఎక్కడైనా పట్టేస్తుందేమోనని. నడుస్తూ మునిగిన ఇంజనైతే లోపలి నీళ్ళు నొక్కుకోక పిస్టను కడ్డీ వంగిపోవచ్చు, అప్పుడు బలవంతం చేస్తే అంతా పోతుంది. ఇది ఆగి ఉండగా పడింది కాబట్టి సాఫీగా తిరిగి, కన్నంలోంచి నీళ్ళు చిమ్మింది. కార్బొరేటరు ఊడదీసి గిన్నె విప్పి పెట్రోలుతో కడిగాడు, జెట్టు నోటితో ఊదాడు. మాగ్నెటో దగ్గర పొడిగుడ్డతో ఒత్తి ఒత్తి తుడిచాడు. నిప్పుకు దూరంగానే, పొయ్యిమీద వేడి చేసిన ఇటుక గుడ్డలో చుట్టి దాని వెచ్చదనం తగిలేలా పక్కన పెట్టించాడు. సిలిండరులోకి మూతెడు ఆయిలు పోసి, మళ్ళీ లాగి, కాగితంలోని కొత్త ప్లగ్గు బిగించాడు. అప్పటికి తెల్లవారుజాము. లేచింది. తెల్లటి పొగ తిన్నె అంతా కమ్మింది. లేచాక ఆపలేదు, గంటకుపైగా నడిపాడు, లోపలి తడి ఆరేదాకా. అవతలి గట్టున గూడెంవాళ్ళు ఆ మోత విని వచ్చి చూసి వెళ్ళారు.

ఆ చోటు ఎలాంటిదో తెలియనివాళ్ళకు చెబుతున్నాను. పాపికొండల్లో గోదావరి సన్నబడి లోతవుతుంది, సుడులుంటాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదనీటిలో పెద్ద పర్యాటక బోటే మునిగి ఎంతోమంది పోయారు. అలాంటి మలుపుల్లో చిన్న పడవకు ఇంజను ఆగడమంటే మాటలు కాదు. మా వాళ్ళు ఆ మలుపు రాకముందే ఎగువన ఒడ్డుకు చేరి, ట్యాంకులో ఎంతుందో చూసి, గొట్టం నొక్కి చూసి, తెడ్లు చేతికందేలా పెట్టుకుని దిగేవాళ్ళు.

ఇక పెట్రోలు. ఇందులో తప్పు కుర్రాళ్ళది కాదు, కాలానిది. ఇప్పుడు బంకులో పోసేది ఒట్టి పెట్రోలు కాదు. దేశమంతటా 2022 నాటికి నూటికి పది పాళ్ళు, 2025 నాటికి ఇరవై పాళ్ళు ఇథనాల్ కలుస్తోంది. చెరకు రైతుకు మేలు కావచ్చు, దిగుమతి ఖర్చు తగ్గవచ్చు, కాదనను. రోజూ తిరిగే బండికి దానితో సర్దుబాటు అవుతుంది. కానీ నది మీద వారాల తరబడి టిన్నులో ఉండే పెట్రోలు సంగతి వేరు. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ ఒక హద్దు దాటితే ఇథనాలూ నీరూ కలిసి టిన్ను అడుగుకు దిగి వేరే పొరగా నిలుస్తాయి. టూ-స్ట్రోకు ఇంజనుకు మనం కలిపిన ఆయిలు పై పొరలోనే ఉండిపోతుంది. అడుగు పొర ఇంజనులోకి వెళ్ళిందంటే, లేవకపోతే ఒక బాధ, లేచి నడిస్తే ఇంకా పెద్ద బాధ, ఎందుకంటే ఆయిలు లేక పిస్టను గీసుకుపోతుంది. పాత రబ్బరు గొట్టాలు కూడా దీనికి ఉబ్బి మెత్తబడతాయి.

కాబట్టి మా రోజుల్లోకన్నా ఇప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి. టిన్నును రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే అడుగు కదలకుండా వంచుకోవాలి. మొదట కొంచెం గాజుసీసాలోకి పట్టి వెలుతురుకు ఎత్తి చూడాలి, గీత కనబడితే ఆ టిన్ను వాడకూడదు. ఆయిలు ఇంజను పుస్తకంలో చెప్పినంతే, ఇప్పటి టూ-స్ట్రోకుల్లో చాలావాటికి లీటరుకు 20 మిల్లీలీటర్లు. కలిపేది ఆ రెండు మూడు రోజులకు సరిపడానే. మూత బిగుతుగా ఉండాలి, టిన్ను నీడలో ఉండాలి. ఇవేవీ చేయకుండా అయిదు లీటర్ల నీళ్ళ క్యానులో పోసి, మూత పోతే గుడ్డ కుక్కి, ఎండలో పడవ ముందు పెట్టుకుని వెళ్ళేవాళ్ళను రోజూ చూస్తున్నాను.

నది కూడా మారింది. పోలవరం దగ్గర 2021లో ప్రవాహాన్ని స్పిల్‌వే మీదికి మళ్ళించాక దేవీపట్నం ఎగువన నీరు నిలుస్తోంది. ఒకప్పుడు ఇళ్ళూ తోటలూ ఉన్నచోట ఇప్పుడు నీళ్ళ కింద మొద్దులున్నాయి, స్తంభాలున్నాయి. పాత గుర్తులు పట్టుకుని తోలితే ఫ్యాను దేనికి తగులుతుందో తెలియదు. అక్కడ మెల్లగా పోవాలి, ముందు ఒకడు గడ పట్టుకుని లోతు చూస్తుండాలి. ఆ ఒక్కడిని కూడా ఇప్పుడు తీసుకెళ్ళడం లేదు, వాటా తగ్గుతుందని.

వరద రోజుల్లో ఇంజను విలువ ఏమిటో మా ఊళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. భద్రాచలం దగ్గర 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. రెండుసార్లూ మనుషుల్ని ఇళ్ళకప్పుల మీదనుంచి దించింది పడవలే. వరదనీళ్ళలో గడ్డి, బట్టలు, తీగెలు కొట్టుకొస్తాయి, పది నిమిషాలకోసారి జల్లెడ తుడవాలి, ధార మీద కన్ను ఉంచాలి. అలాంటి అవసరానికే కొని ఒకచోట షెడ్డులో పెట్టిన ఇంజనును నేను చూశాను. ఎక్కడిదో చెప్పను. కొత్త ఇంజను, మీద గీత కూడా లేదు. కిందటి ఏడు కార్బొరేటరులో మిగిలిన పెట్రోలు ఎండి, బంకపట్టి, జెట్టు మూసుకుపోయింది. నీళ్ళు ఊళ్ళోకి వస్తుంటే దాని తాడు లాగుతూ నిలబడ్డారు. నెలకొకసారి నీళ్ళ డ్రమ్ములో కాలు ముంచి పావుగంట నడిపి, కార్బొరేటరు ఖాళీ చేసి పెట్టి ఉంటే అది లేచేది. ఆ పావుగంట పని ఎవరి పనీ కాకుండా పోయింది. దీన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

కొత్త ఇంజన్లు చెడ్డవని నేను అనడం లేదు. ఫోర్-స్ట్రోకు ఇంజను తక్కువ తాగుతుంది, పొగ తక్కువ, మోత తక్కువ, చేప బెదరదు. ఆయిలు కలిపే బాధ లేదు. కానీ దానికీ కింద కాలు ఉంది, సీలు ఉంది, ఇంపెల్లరు ఉంది. దాన్ని ఎలాపడితే అలా పడుకోబెడితే లోపలి ఆయిలు సిలిండరులోకి పోతుంది, ఏ వైపు వాల్చాలో ఇంజను మీదే గుర్తు వేసి ఉంటుంది. ఆ గుర్తు చూసే ఓపిక కావాలి. ఏ ఇంజనైనా సరే, మోసేటప్పుడు తల భాగం కాలికన్నా ఎత్తులోనే ఉండాలి, లేకపోతే కాల్లోని నీళ్ళు లోపలికి దిగుతాయి.

ఈ ముక్కోటి తర్వాత ఎగువకు వెళ్ళేవాళ్ళు బయల్దేరకముందే ఇంపెల్లరు విప్పి చూసుకోండి, గేరు ఆయిలు మార్చుకోండి. ఒక ఇంపెల్లరు, రెండు ప్లగ్గులు, ఫ్యానుకు కాటరు పిన్నులు, లాగే తాడు పోతే వేసుకోవడానికి కొత్త తాడు, పడవ చెక్కకు కట్టిన తెడ్లు వెంట పెట్టుకోండి. తెలియని పని ఉంటే రేవులో నన్ను అడగండి, పగలైతే మర్రిచెట్టు కిందే ఉంటాను, రేకుపెట్టె కూడా తెస్తాను. ఒక్కసారి మీ చేతులతో కాలు విప్పి బిగించాకే పడవ ఎక్కండి.